షెన్యాంగ్‌లో ఉన్న అబ్బాయికి మాటిమాటికీ జలుబు: చైనా మందులు వాడొచ్చా?

నమస్కారమండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి చైనాలోని షెన్యాంగ్‌లో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. చలి మొదలయ్యాక మూడుసార్లు జలుబు చేసింది. హాస్టల్ కింద మందుల షాపావిడ నీళ్లలో కలుపుకునే గోధుమరంగు పొడి ప్యాకెట్లు ఇచ్చింది. రూమ్మేట్ ఏవో క్యాప్సూల్స్ ఇచ్చాడు. మీరు ఇక్కడి నుంచి కట్టి పంపిన డోలో 650 కూడా వేసుకుంటున్నాడు. చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి, ఇప్పటికీ బ్యాగులో ఇన్‌హేలర్ పెట్టుకుంటాడు. "అవి ఆకులూ వేళ్లే కదా, పరవాలేదా? నిజంగా పనిచేసేవైతే సెలవులకు వచ్చేటప్పుడు మా ఇద్దరికీ తెమ్మంటాను, నాకు బీపీ ఉంది" అని అడిగారు.

మిగతా సంగతులకంటే ముందు ఒక పని చేయండి. ఈ రోజే ఫోన్ చేసి, ఆ ప్యాకెట్లూ డోలో కలిపి వేసుకోవద్దని చెప్పండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఆ పొడి గాన్‌మావ్‌లింగ్ అయ్యుంటుంది. చైనాలో ప్రతి ఇంట్లో కనిపించే జలుబు మందు అది. డబ్బా మీద ఆకులు, పువ్వుల బొమ్మలు ఉంటాయి. లోపల నిజంగానే కొన్ని మూలికలు ఉన్నాయి. కానీ వాటితో పాటు ఒక్కో ప్యాకెట్‌లో 200 మిల్లీగ్రాముల పారాసిటమాల్, నిద్ర తెప్పించే క్లోర్‌ఫెనిరమిన్, కొంచెం కెఫీన్ కూడా కలిపి ఉంటాయి. రోజుకు మూడు ప్యాకెట్లంటే 600. డోలో 650 కూడా పారాసిటమాలే, దానిమీద అవి నాలుగు వేసుకుంటే 2,600. మొత్తం 3,200 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు 24 గంటల్లో దాటకూడని హద్దు 4,000. ఇంకా హద్దులోనే ఉన్నాడు కదా అనిపిస్తుంది. కానీ విటమిన్ సి కలిపిన యిన్‌ఛ్యావ్ మాత్రలని ఇంకో రకం ఉంది, అందులోనూ పారాసిటమాల్ ఉంటుంది. జ్వరంలో సరిగ్గా తినని పిల్లాడు ఈ మూడూ కలిపి నాలుగైదు రోజులు వాడితే ఆ భారమంతా లివర్ మీద పడుతుంది. మీరు జలుబుకు సెట్రిజిన్ కూడా పంపి ఉంటే, క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిసి మత్తు రెట్టింపవుతుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చైనాలో 11 ఏళ్లు ఉన్నాను. ఎంబీబీఎస్ అక్కడే చదివాను, తర్వాత గ్వాంగ్‌జౌలో చైనా సంప్రదాయ వైద్యంలో పీజీ చేశాను, ఇంకొన్నాళ్లు అక్కడి ఓపీలోనే పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీసు. అక్కడ ఉన్నప్పుడు మన తెలుగు జూనియర్ ఒకడు కళ్లు పచ్చబడి నా దగ్గరికి వచ్చాడు. వారం రోజులుగా మూడు రకాల "హెర్బల్" మందులు, ఇంటి నుంచి వచ్చిన పారాసిటమాల్ కలిపి మింగుతున్నాడు. వాడి తప్పేమీ లేదు. డబ్బా వెనక ఉన్న చైనా అక్షరాలు వాడికి చదవడం రాదు, అమ్మినవాళ్లు చెప్పలేదు. రెండు వారాలు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు. అప్పటి నుంచి చైనా వెళ్లే ప్రతి పిల్లాడికీ ఒకటే చెబుతున్నాను. ఏ జలుబు మందైనా కొనే ముందు డబ్బా వెనకవైపు ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూసుకోవాలి. పారాసిటమాల్‌ను వాళ్లు "దుయీ యీషియెన్ ఆన్‌జీఫెన్" అంటారు. షాపులో ఆ పేరు చెప్పి "ఇందులో ఉందా" అని అడిగితే చెబుతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. చైనా వైద్యం జలుబుకు పనికిరాదని నేను అనను. నేను చదువుకున్న విద్య అది, గౌరవంతోనే మాట్లాడతాను. కానీ ఆ విద్యలో "జలుబు మందు" అనే మాటకు అర్థమే లేదు. ముందు అది ఏ జలుబో తేలాలి. మా లావ్‌షీ, అంటే మా గురువుగారు, రోగి రాగానే పేరు కూడా అడగకుండా "చలేస్తోందా, ఒళ్లు కాలుతోందా? చెమట పడుతోందా లేదా? దాహం ఉందా?" అని అడిగేవారు. నాలుక చూసేవారు, నాడి పట్టేవారు. ఆ తర్వాతే కలం తీసేవారు.

మన పెద్దవాళ్లు పడిశం పది రోగాల పెట్టు అంటారు కదా, వాళ్ల ప్రాచీన వైద్య గ్రంథంలో గాలి వంద రోగాలకు పెద్ద అని ఉంటుంది. ఆ గాలి మెడ వెనక నుంచి, చర్మపు రంధ్రాల నుంచి లోపలికి వస్తుందని, ఒంటరిగా రాకుండా చలినో వేడినో తేమనో వెంటబెట్టుకుని వస్తుందని వాళ్ల లెక్క. గాలితో చలి కలిస్తే ఫెంగ్‌హాన్, వేడి కలిస్తే ఫెంగ్‌రె. ఇది మైక్రోస్కోప్‌లో కనిపించే విషయం కాదు, నిజమే. కానీ రోగి మంచం పక్కన కూర్చుని చూసినవాళ్లు రాసుకున్న లెక్క.

ఫెంగ్‌హాన్ జలుబులో జ్వరం కన్నా వణుకు ఎక్కువ. చెమట పట్టదు. ముక్కు నుంచి నీళ్లలా కారుతుంది. ఒళ్లు నొప్పులు, మెడ పట్టేసినట్టు ఉంటుంది. నాలుక మీద పల్చటి తెల్లపూత. షెన్యాంగ్ లాంటి ఊళ్లో, సున్నాకు 20 డిగ్రీలు దిగిన చలిలో బస్సు కోసం నిలబడి వచ్చిన పిల్లాడికి సాధారణంగా వచ్చేది ఇదే. దీనికి వాళ్లు ఒంటిని వెచ్చబరిచి, చిరుచెమట పట్టించే మందులు ఇస్తారు.

ఫెంగ్‌రె వేరు. జ్వరం ఎక్కువ, చలి తక్కువ. గొంతు ఎర్రబడి మింగలేకపోవడం, పచ్చటి చిక్కని చీమిడి, దాహం, నాలుక కొన ఎరుపు. దీనికి చల్లబరిచే మందులు. ఇది మీకు అర్థం కావడానికి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే "వేడి చేసింది" అనే మాట మనకూ ఉంది. వేపుళ్లు తిని, రాత్రుళ్లు మేలుకుని గొంతు మండితే గ్వాంగ్‌జౌలో "షాంగ్‌హ్వో" అంటారు, నిప్పు పైకెక్కిందని. అక్కడ వీధివీధికీ చేదు కషాయం దుకాణాలు ఉంటాయి. ఆ కషాయాన్ని ల్యాంగ్‌ఛా అంటారు, చల్లబరిచే టీ అని. మా ఇంటి కింద దుకాణంలో 24 మూలికల కషాయం వేడివేడిగా కప్పుల్లో పోసి ఇచ్చేవాళ్లు. నాకు మొదటిసారి తాగినప్పుడు మా అమ్మమ్మ తాగించిన నేలవేము కషాయం గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడో రకం వేసవిది: ఒళ్లు బరువు, వికారం, విరేచనాలతో వచ్చే జలుబు. దానికి హ్వోషియాంగ్ జెంగ్‌ఛీ అనే మందు వాడతారు. షెన్యాంగ్ చలికాలంలో మీవాడికి దీని అవసరం రాదు కానీ ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. ఆ మందు "నీళ్ల" రకంలో సగానికి దగ్గరగా ఆల్కహాల్ ఉంటుంది. సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో కొన్నిటితో, మెట్రోనిడజోల్‌తో కలిస్తే గుండెదడ, ముఖం ఎర్రబడటం, బీపీ పడిపోవడం వరకూ వెళ్తుంది. ఆల్కహాల్ లేని రకం వేరేగా దొరుకుతుంది.

ఇప్పుడు చూడండి, చలి చేసిన జలుబుకు చల్లబరిచే మందు ఇస్తే ఏమవుతుంది? చైనా వైద్యం ప్రకారమే అది తప్పు. కానీ జరిగేది అదే. బాన్‌లాన్‌గెన్ అనే వేరు పొడి ఉంది, నీలిమందు రంగునిచ్చే ఒక మొక్క వేరు. బాగా చల్లబరిచే స్వభావం. 2003 ఫిబ్రవరిలో గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం పుకార్లు లేచినప్పుడు జనం దీనికోసం, తెల్ల వెనిగర్ కోసం షాపుల మీద పడ్డారు. వెనిగర్‌ను గదుల్లో మరిగించారు, బాన్‌లాన్‌గెన్‌ను పూటకో ప్యాకెట్ తాగారు. అప్పటి నుంచి "చలికాలం అంతా రోజూ తాగితే జలుబే రాదు" అనే అలవాటు పాతుకుపోయింది. ఓపీలో చూశాను కాబట్టి చెబుతున్నాను: అలా వారాల తరబడి తాగిన పిల్లలకు కడుపునొప్పి, పల్చటి విరేచనాలు వస్తాయి. జలుబు మాత్రం ఆగదు. మా లావ్‌షీ దాన్ని చూస్తే కోప్పడేవారు. రోగం లేనివాడికి మందు పోయడం ఆ విద్యకే విరుద్ధం.

ఆ విద్యలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మందు కన్నా మందు ఇచ్చే పద్ధతి. సుమారు 1,800 ఏళ్ల కిందట, హాన్ వంశపు చివరి రోజుల్లో, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. తన వంశంలో 200 మందికి పైగా ఉండేవారని, క్రీ.శ. 196 తర్వాత పదేళ్లు కూడా తిరగకుండానే మూడింట రెండొంతుల మంది చనిపోయారని, వాళ్లలో పదికి ఏడుగురిని చలిజ్వరాలే తీసుకుపోయాయని తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ దుఃఖంలోంచి వచ్చిన పుస్తకం షాంగ్‌హాన్ లున్. అందులో మొదటి మందు గ్వేజి తాంగ్. దాల్చినచెట్టు లేత కొమ్మలు, ఒక రకం పియోనీ పువ్వు వేరు, పచ్చి అల్లం, రేగుపళ్లు, అతిమధురం. ఐదే వస్తువులు, మన పోపులపెట్టె, పూజగది దాటనివి రెండు మూడు ఉన్నాయి.

వాడే పద్ధతిని ఆయన ఎంత వివరంగా రాశాడో చూడండి. మందు తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి గంజి ఒక గిన్నెడు తాగాలి, మందుకు బలం అదే. తర్వాత దుప్పటి కప్పుకుని సుమారు రెండు గంటలు పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా తడి అయితే చాలు, చెమటలు ధారగా కారనివ్వకూడదు, కారితే రోగం పోదు. ఒక్క మోతాదుకే తగ్గితే అక్కడితో ఆపేయాలి, మిగిలింది తాగకూడదు. పచ్చివి, చల్లటివి, జిగటగా ఉండేవి, మాంసం, మద్యం, ఘాటైన కూరలు ఆ రోజుల్లో ముట్టకూడదు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు జ్వరం రోజున మా ఇంట్లో పెట్టే గంజి, చారన్నం, "ఇవాళ పెరుగు వద్దులే" అనే మాట అన్నీ కళ్లముందు కదిలాయి. మనదీ వాళ్లదీ ఒకే వైద్యం అనడం లేదు. జ్వరం వచ్చిన మనిషికి జీర్ణశక్తి తగ్గుతుందని, తేలిగ్గా తినిపించి వెచ్చగా పడుకోబెట్టాలని రెండు చోట్లా పెద్దవాళ్లు గమనించారు, అంతే.

అందుకని మీ అబ్బాయికి నేను మొదట చెప్పేది ప్యాకెట్ గురించి కాదు. ముక్కు దురద పెట్టి, వీపులో చలి పాకిన మొదటి సాయంత్రమే చేయాల్సింది ఒకటుంది. పచ్చి అల్లం నాలుగైదు పల్చటి ముక్కలు, ఉల్లికాడల తెల్లటి అడుగుభాగం వేళ్లతో సహా రెండు మూడు, కాస్త ముదురు బెల్లంలాంటి ఎర్ర చక్కెర వేసి పది నిమిషాలు మరిగించి వేడిగా తాగాలి. అన్నీ హాస్టల్ పక్క కూరగాయల కొట్లో దొరుకుతాయి. ఇక్కడ చిన్న తేడా చెప్పాలి. మనం కషాయానికి శొంఠి వాడతాం. వాళ్లు పచ్చి అల్లాన్నీ ఎండు అల్లాన్నీ రెండు వేర్వేరు మందులుగా చూస్తారు. పచ్చిది పైకి, చర్మం వైపు పనిచేస్తుందని, ఎండుది లోపల కడుపును వేడి చేస్తుందని. మొదటిరోజు జలుబుకు పచ్చిదే. గొంతు ఎర్రబడి మండుతుంటే మాత్రం ఈ అల్లం నీళ్లు వద్దు, ఇంకా మండుతుంది. దానికి పుదీనా, చామంతి పూల టీ మేలు.

తాగాక కాళ్లు చీలమండలు మునిగేదాకా వేడినీళ్లలో 15, 20 నిమిషాలు పెట్టి, తుడుచుకుని, మేజోళ్లు వేసుకుని పడుకోవాలి. చైనా ఇళ్లలో దీనికోసం ప్రత్యేకంగా లోతైన ప్లాస్టిక్ బకెట్లు ఉంటాయి. ఇది రోగాన్ని చంపేస్తుందని కాదు. ఒళ్లు సడలుతుంది, నిద్ర పడుతుంది. జలుబులో ఆ రాత్రి నిద్రకు ఉన్న విలువ మాత్రకు లేదు. రూమ్మేట్ ఎవరైనా వీపు మీద గ్వాషా, అంటే నూనె రాసి నున్నటి పలకతో గీరడం చేస్తానంటే సున్నితంగా చేయించుకోవచ్చు. ఎర్రటి చారలు పడి నాలుగైదు రోజుల్లో పోతాయి. వీడియో కాల్‌లో చూసి భయపడకండి. కానీ తీవ్ర జ్వరంలో, చర్మం మీద పుండ్లు ఉన్నప్పుడు, రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లకు వద్దు.

ఇంతవరకూ చెప్పింది మామూలు జలుబు. ఫ్లూ అలాంటిది కాదు, ఈ తేడా మీరిద్దరూ గుర్తుపెట్టుకోవాలి. జలుబు మెల్లగా ముక్కుతో మొదలై వారం పదిరోజుల్లో పోతుంది. ఫ్లూ ఒక్క పూటలో మనిషిని పడేస్తుంది: ఉదయం క్లాసుకు వెళ్లినవాడు సాయంత్రానికి 102, 103 జ్వరంతో, ఎముకలు విరిగినట్టు నొప్పులతో మంచం పడతాడు. ఈ తేడా చైనా వైద్యులూ తమ దారిలో కనిపెట్టారు. మింగ్ వంశం కూలిపోతున్న రోజుల్లో, 1641లో చాలా రాష్ట్రాల్లో అంటురోగం చెలరేగింది. పాత పుస్తకాల మందులు పనిచేయకపోవడం చూసిన వూ యౌషింగ్ అనే వైద్యుడు, ఇది గాలీ కాదు చలీ కాదు, వేరే విషపు వాయువు, ముక్కు నోటి ద్వారా వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది అని 1642లో రాశాడు. సూక్ష్మజీవులు ఎవరికీ తెలియని కాలం అది. ఆ దారిలోనే 1798లో వూ జూతోంగ్ యిన్‌ఛ్యావ్ పొడిని ప్రచారంలోకి తెచ్చాడు. హనీసకిల్ పూలు, ఫోర్సిథియా కాయలు, పుదీనా లాంటివి కలిపిన మందు. గొంతునొప్పి జ్వరానికి ఈనాటికీ చైనాలో మొదట గుర్తొచ్చేది అదే.

రూమ్మేట్ ఇచ్చిన క్యాప్సూల్స్ బహుశా ల్యెన్‌హ్వా చింగ్‌వెన్. సార్స్ రోజుల్లో తయారై, 2004లో అనుమతి పొందింది. కరోనాలో 2022 షాంగ్‌హై లాక్‌డౌన్ అప్పుడు ఇంటింటికీ పంచిపెట్టింది కూడా దీన్నే. ఇందులో యిన్‌ఛ్యావ్ పొడిని, జాంగ్ జోంగ్‌జింగ్ నాటి ఇంకో మందును కలిపారు. దీనికి దగ్గరి బంధువైన ఒక కషాయం మీద మంచి పరిశోధన ఒకటి ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు చైనాలో 11 ఆస్పత్రుల్లో 410 మంది మీద చేశారు, 2011లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఏ మందూ ఇవ్వనివాళ్లకు జ్వరం తగ్గడానికి సుమారు 26 గంటలు పడితే, ఓసెల్టమివిర్ అనే ఫ్లూ మాత్ర ఇచ్చినవాళ్లకు 20, కషాయం తాగినవాళ్లకు 16, రెండూ తీసుకున్నవాళ్లకు 15 గంటలు పట్టింది. చిన్న విషయం కాదు. కానీ తాగినవాళ్లకు తాము ఏం తాగుతున్నారో తెలుసు, ఉత్తుత్తి మందుతో పోల్చి చూడలేదు, వాళ్లంతా అంతకుముందు ఆరోగ్యంగా ఉండి తేలికపాటి ఫ్లూ వచ్చినవాళ్లు. కషాయం జ్వరం త్వరగా దించవచ్చని దీన్నుంచి చెప్పొచ్చు. న్యుమోనియా రాకుండా ఆపుతుందని, ఆస్తమా ఉన్నవాణ్ని కాపాడుతుందని చెప్పడానికి లేదు. మిగతా జలుబు మందుల మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవి, బలహీనంగా చేసినవి. నా విద్య మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచలేను.

ఓసెల్టమివిర్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మన బిర్యానీలో వేసే అనాసపువ్వు ఉంది కదా, చైనాలో గ్వాంగ్‌షీ కొండల్లో విపరీతంగా పండుతుంది. దాన్నుంచి తీసే షికిమిక్ ఆమ్లంతోనే ఈ ఫ్లూ మాత్ర తయారీ మొదలైంది. అంతమాత్రాన అనాసపువ్వు టీ తాగితే ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లం మందుగా మారడానికి ఫ్యాక్టరీలో చాలా దశలు దాటాలి. వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి.

ఇప్పుడు మీ బీపీ సంగతి. ల్యెన్‌హ్వా చింగ్‌వెన్‌లో మాహ్వాంగ్ అనే మూలిక ఉంటుంది. దాన్నుంచే 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. 1920ల్లో బీజింగ్‌లో చెన్ కహ్వే, కార్ల్ ష్మిట్ దాని పనితీరు వివరంగా రాశాక ప్రపంచమంతా ఆస్తమాకు వాడింది. ఊపిరిగొట్టాలను వెడల్పు చేస్తుంది, నిజమే. కానీ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. గుండెపోట్లు, పక్షవాతం కేసులు వచ్చాక అమెరికా 2004లో పోషక పదార్థాల్లో దీన్ని నిషేధించింది. కాబట్టి మీకు, బీపీ మందులు వాడే ఎవరికైనా ఆ క్యాప్సూల్స్ వద్దు. బ్యాగులో వేసి తేనివ్వకండి. మీ అబ్బాయి ఇన్‌హేలర్‌లో సాల్బుటమాల్ ఉంటే, దానికి ఇది తోడై దడ, చేతులు వణకడం రావచ్చు. "మూలికతోనే ఆయాసం తగ్గింది" అని ఇన్‌హేలర్ పక్కన పెట్టడం అంతకంటే ప్రమాదం. చాలా చైనా మందుల్లో ఉండే అతిమధురం కూడా ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో నీరు నిలిపి, పొటాషియం తగ్గించి, బీపీ పెంచుతుంది.

వాడు ఒక్క విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా ఒప్పుకోకూడదు: జలుబుకు మూలికల ఇంజెక్షన్లు. సెలైన్‌లో కలిపి ఎక్కించే పద్ధతి చిన్న క్లినిక్కుల్లో నేను ఉన్నప్పుడు మామూలుగా ఉండేది. నోటితో తాగే కషాయానికీ, నరంలోకి ఎక్కించే మూలికా ద్రవానికీ పోలికే లేదు. యూషింగ్‌ఛావ్ అనే మూలిక ఇంజెక్షన్‌తో తీవ్రమైన అలర్జీలు, మరణాలు రావడంతో చైనా ప్రభుత్వమే 2006లో దాన్ని నిలిపివేసింది. అలాగే విడి మూలికలు పొట్లాలు కట్టించుకుని సొంతంగా మరిగించడం వద్దు. జలుబు కషాయాల్లో వాడే షీషిన్ లాంటి కొన్నిటిలో కిడ్నీని దెబ్బతీసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఎంత వేయాలి, ఏ భాగం వాడాలి అనేది చదువుకున్న వైద్యుడి పని. వాడికి కషాయమే కావాలనిపిస్తే షెన్యాంగ్‌లో ప్రభుత్వ చైనా వైద్య ఆస్పత్రి ఓపీకి వెళ్లి, పిల్లికూతల సంగతి, ఇన్‌హేలర్ పేరు చెప్పి రాయించుకోవాలి.

రాకుండా ఏం చేయాలని కూడా అడిగారు. మూడుసార్లు వచ్చిందంటే సగం కారణం గదిలోనే ఉంటుంది. షెన్యాంగ్‌లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఊరంతటికీ గొట్టాల్లో వేడినీళ్లు పంపి ఇళ్లు వెచ్చబరుస్తారు. లోపల టీషర్టుతో తిరిగేంత వేడి, గాలి మాత్రం ఎండిపోయి ఉంటుంది. నలుగురు పిల్లలు కిటికీలు బిగించుకుని పడుకుంటారు. ముక్కు లోపలి పొర ఎండిపోతుంది, ఒకడి దగ్గు నలుగురికీ అంటుతుంది. రేడియేటర్ దగ్గర ఒక గిన్నెలో నీళ్లు పెట్టాలి, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కిటికీ తెరవాలి. బయటికి వెళ్లేటప్పుడు మెడ వెనక భాగం కప్పేలా మఫ్లర్ చుట్టుకోవాలి. మాకు ఎముకల్లో ఇంకిపోయేలా నేర్పిన జాగ్రత్త ఇది. వెచ్చటి గదిలో చెమట పట్టిన ఒంటితో నేరుగా మంచులోకి వెళ్లకూడదు.

చెమట తొందరగా పట్టి, మాటిమాటికీ జలుబు చేసేవాళ్లకు యూ ఫింగ్ ఫెంగ్ అని ఒక మందు ఉంది. పచ్చరాతి తడిక అని దాని పేరుకు అర్థం. ఆస్ట్రగాలస్ వేరు అందులో ముఖ్యం. జలుబు లేని రోజుల్లో కొన్ని వారాలు వాడతారు. దానికి బలమైన ఆధారాలు ఉన్నాయని నేను చెప్పను, కానీ వైద్యుడు చూసి రాస్తే అభ్యంతరం లేదు. జలుబు ఉన్నప్పుడు మాత్రం ముట్టకూడదు. దొంగ ఇంట్లో ఉండగా తలుపు వేసినట్టని వాళ్ల సామెత.

దీనికంటే ఖచ్చితమైన రక్షణ ఫ్లూ టీకా. చైనాలో అది ఉచిత టీకాల్లో లేదు, డబ్బులు కట్టి వేయించుకోవాలి, అందుకే చాలామంది పిల్లలు వేయించుకోరు. కాలనీ ఆరోగ్య కేంద్రంలో పాస్‌పోర్ట్ చూపిస్తే వేస్తారు. అక్టోబరులో వేయించుకుంటే మంచిది, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. పిల్లికూతల చరిత్ర ఉన్న మీ అబ్బాయికి ఇది ప్రతి ఏడాదీ కావాలి.

ఒక్క పూటలో 102 దాటిన జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే వాడు ప్యాకెట్ల కోసం వెతక్కుండా పెద్ద ఆస్పత్రిలోని "ఫారె మెన్‌జెన్"కు, అంటే జ్వరాల క్లినిక్‌కు వెళ్లాలి. సార్స్ తర్వాత ప్రతి పెద్ద ఆస్పత్రిలో పెట్టారు. ముక్కులోంచి శాంపిల్ తీసి ఫ్లూ ఉందో లేదో ఆ రోజే చెబుతారు. ఓసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, అందుకే రేపు చూద్దాం అనుకోకూడదు. ఆయాసం, ఛాతీనొప్పి, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, ఇన్‌హేలర్‌కు లొంగని పిల్లికూతలు, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం ఎక్కడం, వీటిలో ఏది కనిపించినా రాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. 120 అంబులెన్స్ నంబర్. ఇది వాడి ఫోన్‌లోనే కాదు, రూమ్మేట్ ఫోన్‌లోనూ ఉండాలి.

ప్రస్తుతం వాడికి జ్వరం లేదని, ముక్కు కారడం, కాస్త దగ్గు మాత్రమే ఉన్నాయని రాశారు. అయితే ఆ పొడీ, క్యాప్సూల్స్ రెండూ ఆపేయమనండి. అల్లం నీళ్లు, గంజి, నిద్ర చాలు. తలనొప్పి ఎక్కువగా ఉంటే డోలో ఒక్కటి, అది కూడా ఆ పొడి కడుపులో లేనప్పుడే. రెండు డబ్బాలనూ ముందూ వెనకా ఫొటోలు తీసి మీకు పంపమనండి. ఇక్కడ పెడితే అందులో ఏమేం ఉన్నాయో చదివి చెబుతాను.